సరైన పేరు, తప్పుడు గడప
1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్, వెబ్‌సైట్ పేరు చెబితే దాని అంకెల చిరునామా ఇస్తుంది. ఆ జవాబు అసలుదో నకిలీదో తేల్చే ఏర్పాటు మాత్రం మొదట్లో అందులో లేదు.

ఈ లోపం ఎంత ప్రమాదకరమో 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కమిన్‌స్కీ బయటపెట్టాడు. జవాబును గుర్తుపట్టే సంఖ్యలు 65,536 మాత్రమే. దొంగ జవాబులు గుప్పిస్తూపోతే ఏదో ఒకటి తగులుతుంది. ఇక బ్యాంకు పేరు తప్పులేకుండా టైప్ చేసినా చేరేది మోసగాడి పేజీకే! కమిన్‌స్కీ దీన్ని అమ్ముకోలేదు. మైక్రోసాఫ్ట్, సిస్కో లాంటి కంపెనీలతో గుట్టుగా పనిచేశాడు. జులై 8న అంతా కలిసి మరమ్మతు విడుదల చేశారు. అలాంటి నిజాయతీని తలచుకోవాలి.

జవాబు అసలుదో కాదో తేల్చేందుకు 2010 జులై 15 నుంచి డీఎన్‌ఎస్ మూలానికి డిజిటల్ సంతకం ఉంది.

నకిలీ బ్యాంకు సైట్ల మోసాలను తగ్గించేందుకు, రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2025లో మన బ్యాంకులు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారాయి. ఆ పేర్లు నమోదు చేసేది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీయే.