ఒంటి మీది బట్ట ఎవరిది?

బట్టను మన అస్తిత్వం అంటాం. ‘మన కట్టు, మన బొట్టు’ అని గర్వంగా చెప్పుకుంటాం. అయితే ఏ బట్ట కట్టాలో, ఎలా కట్టాలో తేల్చుకునే హక్కే లేని మనిషికి ఆ బట్ట అస్తిత్వమవుతుందా? లేక ఎవరి సొత్తో తెలిపే ముద్ర అవుతుందా? రెండు ఖండాల నుంచి రెండు సినిమాలు ఈ ప్రశ్న వేశాయి.

మొదటిది ఉస్మాన్ సెంబేన్ తీసిన ‘బ్లాక్ గర్ల్’ (1966). సెనెగల్ 1960లో స్వతంత్రమయింది. ఆ తర్వాత కథ ఇది. డకార్‌లో ఫ్రెంచి దంపతుల పిల్లలను చూసుకునే జువానాకు యజమానురాలు తన పాత గౌన్లు ఇస్తుంది. అవి తొడుక్కుని, ఎత్తు మడమల చెప్పులేసుకుని, ఫ్రాన్సులో కొత్త బతుకు దొరుకుతుందని ఆ పిల్ల మురిసిపోతుంది. తీరా అక్కడికి వెళ్లాక వంట, గిన్నెలు, అంట్లగుడ్డ. అవే గౌన్లతో పని చేస్తుంటే యజమానురాలు ఓర్చుకోలేదు. ఏప్రన్ కట్టిస్తుంది, చెప్పులు విప్పిస్తుంది. ఇచ్చినప్పుడు దయగా కనిపించిన బట్ట, తొడుక్కున్నప్పుడు ధిక్కారంగా కనిపించింది! చివరికి ఆమె ఆ ఏప్రన్‌నీ, జీతాన్నీ, ప్రాణాన్నీ కూడా వదిలేసింది.

రెండోది మన బి. నర్సింగరావు ‘దాసి’ (1988). 1920ల నాటి తెలంగాణ గడీలో కమలాక్షి కథ. దొర బిడ్డ పెళ్లయితే సారెతో పాటు ఆడపిల్లలను కూడా పంపే ఆనవాయితీ అప్పుడుండేది. వాళ్లను ఆడబాపలన్నారు. చీరలూ సామానూ లెక్కపెట్టినట్టే మనిషినీ లెక్కపెట్టారు. ఈ సినిమాకు అయిదు జాతీయ అవార్డులొచ్చాయి. ఉత్తమ నటిగా అర్చనకు, కళా దర్శకత్వానికి తోట వైకుంఠానికి, దుస్తుల రూపకల్పనకు సుదర్శన్‌కు వచ్చినవి అందులో ఉన్నాయి. తెలంగాణ యాసనూ వేషాన్నీ హాస్యగాడికో, రౌడీకో తొడిగే సినిమాల నడుమ ఇది చిన్న గెలుపు కాదు. కానీ కమలాక్షి చీర మన సంస్కృతికి అందమైన నమూనా కాదు. ఆమె కడుపు మీద కూడా ఆమెకు హక్కు లేదని సినిమా చెబుతుంటే, చీర మీద మాత్రం ఉంటుందా?

మగవాళ్ల బట్టల కథ వేరు. సెంబేన్ ‘క్సాలా’ (1975)లో ఫ్రెంచి వాళ్లను గెంటేసిన వ్యాపారులు మరుక్షణమే సూట్లేసుకుని కుర్చీలెక్కుతారు. ఆఫ్రికా దుస్తుల్లో, వోలోఫ్ భాషలో తండ్రిని నిలదీసేది కూతురు రామా. అంటే సూటు మగవాడికి అధికారం, సంప్రదాయం ఆడపిల్లకు బాధ్యత. మన దగ్గర 1980లో విడుదలైన ‘మా భూమి’లో గద్దర్ భుజాన గొంగడి పోరాట జెండా అయింది. అదే పోరాటంలో కొంగు బిగించిన ఆడవాళ్ల మాటలు పుస్తకంగా రావడానికి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ దాకా ఆగాల్సొచ్చింది.

మా బీర్కూర్ మంజీరా ఒడ్డున ఉంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ప్రాంతమిది. బురద మడిలో నడుము వంచే ఆడవాళ్లకు గోచిపోసి కట్టిన చీర పనికి వీలైన కట్టు. దాన్నే తెర మీద చూపిస్తే ‘జానపద సౌందర్యం’ అంటాం. చీర అదే, చూసే చూపే మారింది.

ఇంకో సంగతి. గడీ బట్టలకు నేసినవాళ్లున్నారు, ఉతికినవాళ్లున్నారు. నిజాం కాలపు వెట్టిలో చాకలి ఆడవాళ్లు కూలి లేకుండానే దొరల మైల బట్టలు ఉతికారు. ఆ కులం నుంచే పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన పంట కోసం దొరకు ఎదురు నిలబడింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. బట్టతో వచ్చే గౌరవం మాత్రం అందరికీ సమానంగా పంచబడలేదు.

కాబట్టి తెర మీద ‘మన కట్టు’ కనబడితే సంబరపడదాం, తప్పులేదు. దాంతో పాటే అడుగుదాం: ఈ బట్ట ఎవరిచ్చారు? ఎవరు ఉతికారు? కట్టుకున్న మనిషికి ఇది వద్దనే వీలుందా?