సత్యభామ వేషం – కౌమారపు మనసు

చాలా ఏళ్ళ క్రితం గుడివాడ సమీపంలోని ఒక పల్లె నుండి తల్లిదండ్రులు తమ పద్నాలుగేళ్ళ కుమారుని నా వద్దకు తీసుకువచ్చారు. పిల్లవానికి జ్వరం లేదు, నొప్పి లేదు. “నడక, మాట ఆడపిల్లలా ఉన్నాయి డాక్టరు గారూ, ఏదైనా ఇంజెక్షను చేసి సరిచేయండి” అన్నారు. పిల్లవాడు తలెత్తలేదు. నేను బలానికి మందు రాసి, వయసు వస్తే అదే సర్దుకుంటుందని పంపివేశాను. ఆ పిల్లవానితో ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆ తప్పు నేటికీ నన్ను బాధిస్తోంది. ఆనాడు నేను చెప్పవలసిన మాటకు ఆధారం మన సీమ చరిత్రలోనే ఉంది.

గుడివాడ నుండి పామర్రు మీదుగా దివిసీమకు వెళ్ళే దారిలో కూచిపూడి తగులుతుంది. అక్కడి భాగవత మేళాలలో స్త్రీ వేషాలను పురుషులే ధరించేవారు. ఆ కుటుంబాలలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. తెర మీదుగా జడ వేసి ప్రవేశించే ఆ సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ గారు దేశఖ్యాతి పొందారు. 1970లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆడదాని నడకను, అలకను, విరహాన్ని అభినయించిన పురుషుణ్ణి మన పెద్దలు రోగి అనలేదు, కళాకారుడన్నారు.

అయితే ఆ సంప్రదాయానికి హద్దులున్నాయి. ఆ మేళాలలో ఆడపిల్లలకు చోటు లేదు. వేదిక మీద మెచ్చుకున్న హావభావాలనే వీధిలో చూసి వెక్కిరించడమూ మన సమాజానికి కొత్త కాదు.

ఇక మనోవిశ్లేషణ సంగతి చూద్దాం. వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లో లైంగికతపై మూడు వ్యాసాలు ప్రచురించారు. మూడవది యౌవనారంభంలో కలిగే మార్పుల గురించి. కేవల పురుషత్వం గాని, కేవల స్త్రీత్వం గాని ఏ మనిషిలోనూ ఉండవని ఆయన భావించారు. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ మరొక అడుగు ముందుకు వేశారు. స్త్రీగా ఉండాలనే కోరిక తన భారతీయ పురుష రోగులలో ఐరోపా వారిలో కంటే సులువుగా బయటపడుతోందని 1929లో ఫ్రాయిడ్‌కే రాశారు. ఆయన చెప్పింది తన రోగుల గురించి, కూచిపూడి గురించి కాదు. కానీ ఆ మాట చదివినప్పుడు నాకు సత్యభామ జడే గుర్తుకు వచ్చింది.

మనోవిశ్లేషకులూ తప్పులు చేశారు. తరువాతి కాలంలో కొందరు స్వలింగ ఆకర్షణను రోగమన్నారు, తల్లి పెంపకాన్ని నిందించారు, ‘నయం’ చేయబోయారు. ఫ్రాయిడ్ మాత్రం 1935లో ఒక అమెరికన్ తల్లికి రాసిన లేఖలో అది రోగం కాదని, సిగ్గుపడవలసినది కాదని ధైర్యం చెప్పారు. అమెరికన్ మనోవైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో దానిని రోగాల జాబితా నుండి తొలగించాయి. మన జాతీయ వైద్య కమిషన్ 2022లో అటువంటి ‘మార్పిడి చికిత్స’ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

పాఠకులు ఒక విషయం గమనించాలి. నడక, మాట తీరు ఒకటి. తాను స్త్రీనా, పురుషుడనా అనే అంతరంగ భావన వేరొకటి. ఎవరిపట్ల ఆకర్షణ కలుగుతుందనేది మూడవది. ఒకదానిని చూసి మరొకదానిని నిర్ణయించలేము. కౌమారంలో ఈ మూడూ కొందరికి త్వరగా తేటపడతాయి, కొందరికి సమయం పడుతుంది. వీటిలో దేనికీ ఇంజెక్షను లేదు, అవసరమూ లేదు.

మందు కావలసింది అవమానం చేసే గాయానికి. మీ బిడ్డ బడికి వెళ్ళనంటున్నా, తిండి, నిద్ర మానినా, ఒంటరిగా ఉండిపోతున్నా ముందు కూర్చోబెట్టి అడగండి, కోప్పడకుండా వినండి. అవసరమైతే మానసిక వైద్యుని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసినా సలహా దొరుకుతుంది.

ఆనాటి బాలుడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. మీ ఇంటి పిల్లవాడు మీ ఎదుటే ఉన్నాడు. నేను మాట్లాడలేదు, మీరు మాట్లాడండి.