విజేత శీలం: శివభారతంలోని ‘మాతృభావన’ ఘట్టం

గడియారం వేంకటశేషశాస్త్రి (1894–1980) జమ్మలమడుగు తాలూకా నెమళ్ళదిన్నెలో జన్మించి, ప్రొద్దుటూరులో తెలుగు పండితులుగా పనిచేశారు. దుర్భాక రాజశేఖర శతావధానిది కూడా జమ్మలమడుగే. కొంతకాలం జంటకవులుగా వెలుగొందిన వీరిద్దరిలో దుర్భాక రాణాప్రతాపసింహుని, గడియారం శివాజీని కావ్యనాయకులుగా స్వీకరించారు. ఈ కావ్యాలను జాతీయోద్యమ ప్రబోధాలుగా చదవడం పరిపాటి. అది సరైనదే గాని, శివభారతం తృతీయాశ్వాసంలోని ‘మాతృభావన’ ఘట్టానికి ఆ చదువు చాలదు.

కథ సుపరిచితం. కల్యాణి దుర్గాన్ని జయించిన సోన్‌దేవుడు అక్కడి సర్దారు ఇంటి స్త్రీని బందీగా తెచ్చి శివాజీ ముందు నిలుపుతాడు. శివాజీ ఆమెను తల్లిగా సంభావించి, సేనానిని మందలించి, సగౌరవంగా సాగనంపుతాడు. ఇక్కడ నాయకుని ఔదార్యం కన్న సోన్‌దేవుని సమాధానం ముఖ్యమని నా అభిప్రాయం. తాను చేసినది దురుద్దేశంతో కాదనీ, విజయోన్మాదంలో ఉచితానుచితాలు తోచలేదనీ అతడు విన్నవించుకుంటాడు. కవి అతనిని దుష్టునిగా చిత్రించలేదు. గెలుపే మనిషి వివేకాన్ని ఎలా హరిస్తుందో చూపాడు. శత్రువుపై గెలిచినవాడు తన గెలుపుపై గెలవగలడా అన్నదే ఈ ఘట్టంలోని నైతిక ప్రశ్న.

ఆ ప్రశ్న ఈ సీమకు పరాయిది కాదు. గండికోట జమ్మలమడుగు పక్కనే ఉంది. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన మన్రో ఎదుర్కొన్న ప్రధాన సమస్యలలో పాళెగాళ్ళ ఆధిపత్యం ఒకటి. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాఠకునికి కోట, ముట్టడి, ఓడినవాని ఇల్లు కేవలం కావ్యవర్ణనలు కావు. కవి ఈ స్మృతిని ఉద్దేశించే రాశారని చెప్పలేము. చదివేవారికి మాత్రం అది తోడుగా ఉండి ఉంటుంది.

చారిత్రకంగా ఈ ఉదంతాన్ని తరువాతి కాలపు కథనంగా భావించే చరిత్రకారులున్నారు. అయితే శివాజీని తీవ్రంగా నిందించిన ఖాఫీఖాన్ సైతం, స్త్రీల గౌరవం విషయంలో అతడు విధించిన కట్టడిని అంగీకరించాడు. మరోవైపు సావర్కర్ తన జీవిత చరమదశలో రాసిన చరిత్ర గ్రంథంలో ఇదే ఉదంతాన్ని ప్రస్తావించి, శత్రుస్త్రీని అలా పంపడం అపాత్రంలో చూపిన సద్గుణమని విమర్శించాడు. శీలానికి పాత్రాపాత్రవివేచన ఉండాలన్నది ఆ వాదసారం. గడియారం వారి శివాజీ అటువంటి లెక్క వేయడు. బందీ ఏ మతస్థురాలన్నది అతని తీర్పును మార్చదు. ఈ రెండు దృష్టులను పక్కపక్కన ఉంచి బోధిస్తే తరగతిలో చర్చ బలపడుతుంది.

కావ్యానికీ ఒక పరిమితి ఉంది. అనసూయ, సావిత్రి, సీత వంటి పతివ్రతల ప్రశస్తితో స్త్రీ గౌరవాన్ని నిలపడం ఆనాటి కవిత్వానికి సహజమే. కాని ఘట్టం ప్రధానంగా రాజు, సేనాని మధ్యనే నడుస్తుంది. తల్లిగా, పూజ్యగా పేర్కొనబడిన ఆ స్త్రీ మనసులో ఏముందో కవి వివరించడు. ఈ పాఠం పదవ తరగతి వాచకంలోనికి చేరిన తరువాత కూడా పరీక్షలలో అడిగినది శివాజీ శీలాన్ని గురించే.