పాత లగ్జరీ కారుకు కొత్త తెర: దండుగనా, పండుగనా?

పదేండ్ల కిందటి ఆడి, బీఎండబ్ల్యూ, బెంజి కార్లు ఇయ్యాల కొత్త క్రెటా కన్న తక్కువ ధరకే దొరుకుతున్నయ్. హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ బజార్ల నుంచి మండల కేంద్రాల దాంక వచ్చేసినయ్. భూమి అమ్మిన పైసలతోని కొన్నోళ్లున్నరు, ఫైనాన్స్‌ల తెచ్చుకున్నోళ్లున్నరు. కారు ఇంటికి రాంగనే మొదలయ్యే ముచ్చట ఒక్కటే: "అన్నా, స్క్రీన్ మార్పియ్యాల్నా? యాభై వేలు అంటున్నరు." గీ ప్రశ్న నన్ను అడిగిన తమ్ముళ్లు చానమంది. అందరికి ఒక్కసారే లెక్కతోని జెప్దామని రాస్తున్న.

నా మాట ముందే జెప్త. బండి ఇంజిను, బ్రేకులు, టైర్లు మంచిగుండి, ఇంకో మూడు నాలుగేండ్లు నీ దగ్గరే ఉంచుకుంటవనుకుంటే తక్కువ ఖర్చుతోని తెరకు ఫోన్ కలుపుకోవచ్చు. అవి మంచిగ లేకుంటే తెర మీద పెట్టే ప్రతి రూపాయి దండుగ. ఎందుకో చూద్దాం.

తెర ఎందుకు ముందే ముసలిదైతది

కారు ఇనుము ఇరవై ఏండ్లు నిలుస్తది. లోపలున్న తెర మాత్రం ఒక కంప్యూటర్. కంప్యూటర్‌కు ఐదారేండ్లకే ముసలితనం వస్తది. కంపెనీలు ఈ రెండింటిని ఒక్కతాన కట్టేసినయ్. అసలు లొల్లి గక్కడ్నే ఉన్నది.

ఆపిల్ కార్‌ప్లే 2014ల, ఆండ్రాయిడ్ ఆటో 2015ల బయటికొచ్చినయ్. బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఎఫ్30 మోడల్ మన దేశానికి 2012ల వచ్చింది. అంటే కారు డిజైన్ అయినప్పుడు కార్‌ప్లే పుట్టనే లేదు. దాంట్ల మ్యాపు ఉంటది గాని కొత్త బైపాసు రోడ్డు ఉండదు. బ్లూటూత్‌ల కాల్ వస్తది గాని గూగుల్ మ్యాపు తెర మీదికి రాదు.

ఇంకోటి నెట్‌వర్క్. అమెరికాల ఏటీ అండ్ టీ కంపెనీ 2022 ఫిబ్రవరిల 3జీ బంద్ పెట్టింది. 3జీ మీద నడిచే చాన కార్ల ఆన్‌లైన్ సౌలతులు దాంతోని ఆగిపోయినయ్. మన దగ్గర ఎయిర్‌టెల్ కూడ 2019ల కోల్‌కతాతోని మొదలువెట్టి 3జీ తీసేసింది. కారు నడుస్తనే ఉంటది, దాంట్ల సిమ్ము సచ్చిపోతది.

టెస్లా సంగతి ఇంకా గమ్మతి. పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల తెర వెనక 8 జీబీ మెమరీ చిప్పు ఉండేది. కారు రాత్రింబగళ్లు దాని మీద లెక్కలు రాసి రాసి చిప్పు అరిగిపోయేది. తెర నల్లగైతే రివర్స్ కెమెరా పోతది, అద్దం మీది మంచు కరిగించే బటన్లు కూడ పోతయి. అమెరికా రోడ్డు భద్రత సంస్థ అడిగినంక 2021ల దాదాపు 1.35 లక్షల కార్లను రీకాల్ జేసిన్రు. కొత్త తెర కంప్యూటర్ కావాలనుకున్నోళ్లకు 2020ల టెస్లా పెట్టిన ధర 2,500 డాలర్లు. ఖరీదైన కారైనా చిన్న చిప్పు ముంగట తలవంచింది.

నాలుగు దార్లున్నయ్

మొదటిది, ఫోన్ స్టాండు. వెయ్యి రూపాయల లోపు అయితది. మ్యాపు ఫోన్‌ల చూసుకుంటవ్, పాట బ్లూటూత్‌ల పోతది. బ్లూటూత్‌ల పాట రాకుంటే ఆక్స్ పిన్నుకు పెట్టే చిన్న రిసీవర్ దొరుకుతది. అందంగ ఉండదు, కని పని జరుగుతది.

రెండోది, ఇంటర్‌ఫేస్ బాక్సు. కంపెనీ తెర అట్లనే ఉంటది. వెనక ఒక డబ్బా పెడితే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో అదే తెర మీద కనపడ్తయి. గేరు కాడి గుండ్రటి నాబు చాన కార్లల్ల అట్లనే పనిజేస్తది. 15 వేల నుంచి 30 వేల దాంక అడుగుతరు. షాపును బట్టి, మోడల్‌ను బట్టి మారుతది.

మూడోది, పెద్ద ఆండ్రాయిడ్ తెర. రీల్స్‌ల చూసి అందరు అడిగేది ఇదే. 30 వేల నుంచి 70 వేల దాంక పోతది. ఒక సంగతి తెల్సుకో: వీటిల్ల చానవరకు పాత కంప్యూటర్‌ను తీసెయ్యవు. అది వెనకాల నడుస్తనే ఉంటది, కొత్త తెర దాని మీద ఇంకో మొఖం లెక్క కూసుంటది. పాట ఆక్స్ తీగ మీద పోతే సౌండ్ పలుచబడ్తది. ఆండ్రాయిడ్ వెర్షన్, ర్యామ్ అబద్ధం జెప్పే చౌక తెరలు బజార్ల బొచ్చెడున్నయ్. అప్‌డేట్లు కూడ రావు.

నాలుగోది, అదే కంపెనీ తర్వాత తెచ్చిన కంప్యూటర్‌ను పాత కారుకు వేసుడు. పని శుభ్రంగ ఉంటది గాని కారు చాసిస్ నంబరుతోని కోడింగ్ జెయ్యాలె. ఆ పని తెల్సినోళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఊర్లల్ల ఉండెటోళ్లకు నేను సలహా ఇయ్య.

బిగించే కాడ పైలం

ఆర్డర్ పెట్టే ముందు కారు సంవత్సరం ఒక్కటే చూస్తే సాలదు, లోపలి సిస్టం పేరు తెల్సుకోవాలె. బీఎండబ్ల్యూల సీఐసీ, ఎన్‌బీటీ, ఈవో అని ఉంటయి. బెంజిల ఎన్‌టీజీ నంబర్లు, ఆడిల ఎంఎంఐ రకాలు. ఒకదాని పిన్ను ఇంకోదానికి పట్టదు.

చాన జర్మన్ కార్లల్ల సౌండ్ సిస్టం డబ్బాలన్ని ఒక ఫైబర్ తీగ మీద గుండ్రంగ కలిసి ఉంటయి. ఆ గొలుసుల ఒక్క డబ్బా తప్పిపోయినా, తీగ గట్టిగ వంగినా కారు మొత్తం మూగవోతది. మామూలు కారు స్టీరియోలు బిగించే మెకానిక్‌కు ఇది తెల్వకపోవచ్చు. ముందుగాల అడుగు: "గీ మోడల్ కారుకు ఎన్నిసార్లు బిగించినవన్నా?"

కరెంటు కనెక్షన్ తప్పు ఇస్తే తాళం వేసినంక కూడ కారు నిద్రపోదు. పొద్దుగాల్ల లేస్తే బ్యాటరీ డౌన్. ఇంకోటి, మైకు తీగ, జీపీఎస్ తీగ ముందు అద్దం పక్క స్తంభం మీదికెళ్లి గుంజుతరు. పక్క ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లల్ల అది గక్కడికెళ్లే విచ్చుకుంటది. దానికి అడ్డంగ తీగ పోవద్దని గట్టిగ జెప్పు. తీసిన పాత తెరను పారెయ్యకు. అమ్మే రోజు అక్కరకొస్తది.

తెర కన్న ముందు చూడాల్సినయ్

టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటయి. 2318 అని ఉంటే 2018ల 23వ వారం తయారైందని అర్థం. గుండ్లు మంచిగ కనపడ్డా రబ్బరు ముసలిదై ఉంటది. లగ్జరీ కారు నాలుగు టైర్ల ధర పెద్ద తెర ధరకు దగ్గరుంటది. రెండింట్ల ఒక్కటే కొనే స్తోమతుంటే ఏది కొనాల్నో నేను జెప్పాల్నా?

ఎఫ్30ల మొదటి 320డీ డీజిల్ కార్లకు ఎన్47 ఇంజిను వస్తది. దాని టైమింగ్ చైను ఇంజిను వెనక, గేరు బాక్సు దిక్కు ఉంటది. మార్చాలంటే ఇంజినో గేరు బాక్సో దించాల్సిందే. ఆ చైను తెగితే ఇంజిను ఖతం. ఇసొంటి బండికి ముందుగాల చైను చప్పుడు ఇనిపియ్యాలె, తర్వాతనే పాటలు.

ఒక్క రివర్స్ కెమెరాను మాత్రం నేను షోకు కింద లెక్కవెట్ట. మన ఇండ్ల ముంగట వాకిట్ల పిల్లలు ఆడుకుంటరు, కోళ్లు తిరుగుతయి. కెమెరా లేని కారుకు కెమెరా పెట్టుకునుడు భద్రత ఖర్చు. దాన్ని పాత తెరకు కలిపే బాక్సు దొరికితే గదే బెస్టు.

తాళం ఎవల చేతుల ఉన్నది

ఇదంత మన సొంత తిప్పలు అనుకుంటే సగమే అర్థమైనట్టు. సొంత కారు మీద మనకు హక్కు ఎంత అన్నది అసలు ప్రశ్న. విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరకనియ్యట్లేదని 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ బెంజి, మారుతి, టాటా అన్ని అండ్ల ఉన్నయ్. కంపెనీలు కోర్టులకెక్కినయ్. బీఎండబ్ల్యూ అయితే అమెరికాల కార్‌ప్లేకు ఏడాదికి 80 డాలర్లు వసూలు జేసింది. జనం తిట్టినంక 2019 డిసెంబర్ల ఇడిసిపెట్టింది. అంటే తిడితే, అడిగితే పని అయితది.

మన కేంద్ర ప్రభుత్వం 2022 జులైల రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అండ్ల కార్లు, ఫోన్లతోని పాటు వ్యవసాయ యంత్రాలు కూడ ఉన్నయ్. అదే ఏడాది డిసెంబర్ల పోర్టల్ తెరిచిన్రు. పోర్టల్ వేరు, చట్టం వేరు. ఇయ్యాల కారు తెరకు పడ్డ తాళం రేపు ట్రాక్టర్‌కు పడ్తది. అమెరికాల జాన్ డీర్ ట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్ తాళం మీద అక్కడి ప్రభుత్వ సంస్థ 2025 జనవరిల కేసు వేసింది. కారు లేనోడు కూడ ఈ లొల్లి పట్టించుకోవాల్నంటున్నది గందుకే.

ఆఖరి లెక్క

ఏడాదిల అమ్మే ఆలోచన ఉంటే ఫోన్ స్టాండు సాలు. తెరకు పెట్టిన పైసలు అమ్మేటప్పుడు తిరిగి రావు. కంపెనీ తెర నడుస్తున్నది, బండి మంచిగున్నది, ఇంకో నాలుగేండ్లు ఉంచుకుంటవ్: బాక్సు పెట్టించు. తెర పూరగ సచ్చిపోయింది, రిపేరు కాదన్నరు: అప్పుడు ఆండ్రాయిడ్ తెర, అది కూడ బిల్లు, వారంటీ కాయితం చేతికొచ్చినంకనే. కిస్తీ ఇంకా నడుస్తుంటే, టైర్లు అరిగి ఉంటే మాత్రం ఏ తెర జోలికి పోకు. నీ జేబుల ఉన్న ఫోన్ ఆ కారు తెర కన్న కొత్తది, దాన్నే వాడుకో.