నర్సాపురము, 1833: ముగ్గురు సాక్షులా, ఒక్కరా?

గోదావరి డెల్టా మిషను చరిత్రపై ఒక వేదాంత విద్యార్థి వ్రాసిన వ్యాసము దిద్దుటకు మా చేతికి వచ్చింది. విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు 1833లో మన ప్రాంతానికి వచ్చారని అందులో ఉంది. ఆధారమేమని అడిగితే మూడు వెబ్‌పేజీల ప్రతులు మా ముందు పెట్టాడు. మూడింటిలోనూ అవే వాక్యాలు, బీర్ పేరులో అదే అక్షరదోషము! ఒకరిని చూచి ఒకరు ఎత్తి వ్రాసుకొన్నప్పుడు ముగ్గురు సాక్షులు ఎలా అవుతారు? ఉన్నది ఒక్కడే.

తప్పు ఎక్కడ పుట్టిందో ఊహించవచ్చు. 1833లో బాగ్దాదు నుండి మన దేశానికి వచ్చినవాడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్; దంతవైద్యుడు, జార్జ్ ముల్లర్ భార్యకు అన్న. ఆయన ఇంగ్లాండుకు తిరిగి వెళ్లి, 1836లో బౌడెన్, బీర్ దంపతులను వెంటబెట్టుకొని వచ్చాడు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. వారు మచిలీపట్నము మీదుగా నర్సాపురము చేరారు. గ్రోవ్స్ మొదటి రాకను వీరి రాకతో ఎవరో కలిపివేశారు.

అంతర్జాలమునే తప్పుపట్టనవసరము లేదు. గ్రోవ్స్ ఉత్తరాలు, దినచర్యలతో ఆయన భార్య కూర్చిన జీవితచరిత్ర, 1878లో హెన్రీ మోరిస్ ప్రచురించిన గోదావరి జిల్లా వర్ణన ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా చదువుకోవచ్చు. మా విద్యార్థికి మోరిస్ దొరకకపోవుటకు కారణము స్పెల్లింగు. ఆ పుస్తకము పేరులో గోదావరి చివర 'ఏఆర్‌ఐ' కాదు, 'ఈఆర్‌వై'. ఇక 2015లో వచ్చిన రాజమహేంద్రవరము అనే అధికారిక నామముతో వెదికితే పాత ఇంగ్లీషు పుస్తకాలు పలుకుతాయా? వెదికినప్పుడు కనబడే అక్షరాలు యంత్రము చదివినవి. పాత అచ్చులో అంకెలను అది తరచు తప్పు చదువుతుంది. కనుక తేదీని పుట బొమ్మలోనే చూడాలి.

అయినా ఈ గ్రంథాలను కన్నుమూసుకొని నమ్మరాదు. భార్య ప్రేమతో వ్రాసింది. మోరిస్ మద్రాసు సివిలు సర్వీసులో పనిచేసినవాడు, ఆయన చూపు ప్రభుత్వపు చూపు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట పనిలో వేలమంది కూలీలు రాళ్లు మోశారు. బౌడెన్, బీర్‌లు వారిమధ్య సువార్త ప్రకటించారు. విన్నవారిలో మాలలు అనేకులు. ఇంజనీరు పేరు ప్రతి పుస్తకములోను ఉంది. విశ్వసించిన ఆ కూలీల పేర్లకు మాత్రము ఎంత వెదకాలో!

ఆ విద్యార్థిది డెల్టాలోని ఒక పల్లె సంఘము. మీ సంఘపు బాప్తిస్మ రిజిస్టరు చూశావా అని అడిగాము. లేదన్నాడు. సెలవులకు వెళ్లి, పాస్టరుగారి బీరువాలో నుండి దానిని తీయించి, పుటపుటా ఫోటోలు తీసి తెచ్చాడు. అంచులు చెదలు తిన్నాయి. నాలుగవ పుటలో తన ముత్తాత పేరు కనిపించిందట. అక్కడ సిరా కొంచెము అలికిపోయింది గాని, సంవత్సరము చదువుటకు వీలుగానే ఉంది.