పట్టాలు ఆగిన చోట: అమీన్‌పూర్ - పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో సరుకుల ఎగుమతి, దిగుమతి పద్ధతుల చరిత్ర

వ్యాససంగ్రహం

రవాణా చరిత్రను సాధారణంగా దూరాల చరిత్రగా రాస్తారు. రైలుమార్గం ఎప్పుడు పడింది, రహదారి ఎంత విస్తరించింది, ఓడ ఎన్ని రోజుల్లో చేరింది అన్నవే అందులో ప్రధానాంశాలు. బండికీ నేలకూ మధ్య ఉండే నాలుగడుగుల ఎత్తు ఆ చరిత్రలో చోటు చేసుకోలేదు. సరుకును ఆ ఎత్తు ఎక్కించి దించే పనిలో పట్టాలు, దొర్లుడు చక్రాలు ఎక్కడ ప్రవేశించాయి, ఎక్కడ ప్రవేశించలేదు అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం. ఇందుకు సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్, పటాన్‌చెరు పరిసరాలు ప్రధాన క్షేత్రం. మోసే మనిషి శ్రమను తగ్గించడానికి కాక, సరుకు భద్రతకూ వాహన సమయానికీ విలువ పెరిగిన చోట మాత్రమే యంత్రసాధనాలు వచ్చాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హమాలీ, ముఠా, జట్టు, గూడ్స్ షెడ్, టబ్బు, ప్యాలెట్, పటాన్‌చెరు, అమీన్‌పూర్.

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతాల మార్కెట్ యార్డుల్లో ‘ఎగుమతి’, ‘దిగుమతి’ అనే మాటలకు విదేశీ వాణిజ్యంతో సంబంధం లేని మరొక అర్థం ఉంది. లారీలోకి ఎక్కించడం ఎగుమతి, లారీ నుంచి దించడం దిగుమతి. ఈ పని చేసేవారు హమాలీలు. బరువు మోసేవాడు అనే అర్థం గల అరబ్బీ పదం నుంచి ఈ మాట దక్కను భాషల్లోకి వచ్చింది. వీరు సాధారణంగా ఒంటరిగా పనిచేయరు. ముఠాగానో, జట్టుగానో చేరి బస్తాకు ఇంత, టన్నుకు ఇంత అని కూలి మాట్లాడుకుని, వచ్చిన మొత్తాన్ని పంచుకుంటారు.

ఎత్తి దించే కోణం నుంచి చూస్తే సరుకును మూడు రకాలుగా విభజించవచ్చు. ఇసుక, కంకర, బొగ్గు వంటివి పోయదగిన సరుకు. ప్యాలెట్ అనే చట్రంపై పేర్చి కట్టినవి దొర్లించదగిన సరుకు. బస్తాలు, డబ్బాలు, రాతి పలకలు మోయవలసిన సరుకు. యంత్రాలు ఈ మూడింటికీ ఒకే కాలంలో, ఒకే రీతిలో అందలేదు. ఆ వ్యత్యాసానికి కారణాలను కాలక్రమంలో పరిశీలించవలసి ఉంది.

2. రైలుమార్గం, గూడ్స్ షెడ్

సికింద్రాబాదు - వాడి రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. హైదరాబాదు సంస్థానాన్ని బొంబాయి మార్గంతో కలిపిన ఈ దారి లింగంపల్లి మీదుగా, అంటే నేటి అమీన్‌పూర్‌కు సమీపంగానే సాగింది. ఎద్దుబండికి వారాలు పట్టే ప్రయాణం దీనితో రోజుల్లోకి కుదించుకుపోయింది. అయితే వ్యాగన్ తలుపు తెరిచిన తర్వాత జరిగే పని మాత్రం మారలేదు. బండిలోనుంచి షెడ్ అరుగు మీదికీ, అరుగు మీదినుంచి మరో బండిలోకీ సరుకు మనిషి వీపు మీదనే నడిచింది.

మారింది పని వేగం. నిర్ణీత గడువులో వ్యాగన్‌ను ఖాళీ చేయకపోతే డెమరేజ్, దించిన సరుకును గడువు దాటినా తీసుకుపోకపోతే వార్ఫేజ్ అనే రుసుములు రైల్వే సంస్థలు వసూలు చేస్తాయి. ఎద్దుబండి యజమాని కూలి కోసం వేచి ఉండగలిగేవాడు, వ్యాగన్‌కు ఆ వెసులుబాటు లేదు. రేక్ ఎప్పుడు వస్తే అప్పుడు, అది అర్ధరాత్రి అయినా, హమాలీలు సిద్ధంగా ఉండాలి. రైలు దూరాన్ని మోసింది గాని సరుకును ఎక్కించి దించలేదు. పైగా ఎక్కించి దించేవాడి మీద గడియారాన్ని పెట్టింది.

3. సింగరేణి టబ్బు: పట్టాలు దగ్గరకు వచ్చినా

పట్టాలు సరుకు ఉన్న చోటికే నేరుగా వెళ్లిన ఉదాహరణ అదే సంస్థానంలో మరొక మూల కనిపిస్తుంది. ఇల్లందు ప్రాంతంలో 1889 నుంచి వాణిజ్యస్థాయిలో సాగిన సింగరేణి బొగ్గు తవ్వకంలో భూగర్భంలోనే సన్నని పట్టాలు వేసి, వాటిపై టబ్బులనే ఇనుప తొట్టెబండ్లను నడిపారు. తాళ్లతో, యంత్రాలతో టబ్బులు బయటికి వచ్చేవి. అయినప్పటికీ టబ్బులోకి బొగ్గు నింపే పని కోల్‌ఫిల్లర్ చేతుల్లోనే మిగిలింది. అతడి కూలి లెక్క నింపిన టబ్బుల మీదనే ఆధారపడింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఉంది. పట్టా కొద్ది అడుగుల దూరంలో ఉన్నా ఎత్తే పని తప్పలేదు. ఆ పనిని తొలగించినది పట్టా కాదు, చాలా కాలం తర్వాత వచ్చిన ఎస్.డి.ఎల్., ఎల్.హెచ్.డి. వంటి లోడింగ్ యంత్రాలు. అవి వచ్చినప్పుడు ఫిల్లర్ నడుముకు విశ్రాంతి దొరికిన మాట నిజమే. దానితోపాటు ఫిల్లర్ అనే ఉద్యోగమే క్రమంగా కుంచించుకుపోయింది. బరువు తగ్గడం, పని పోవడం అనే రెండూ ఒకే యంత్రంతో రావడం హమాలీల ఆలోచనను నేటికీ ప్రభావితం చేస్తున్న అనుభవం.

4. పటాన్‌చెరు: లారీల కాలం

స్వాతంత్ర్యానంతరం హైదరాబాదు పశ్చిమ దిక్కున పరిశ్రమలు పెరిగాయి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం 1960లలో నెలకొంది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ ఏర్పడింది. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ప్రారంభమైన తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు విస్తరించాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి ఎన్నిక కావడంతో ఈ ప్రాంతం జాతీయ దృష్టిలోకి వచ్చింది. బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్. అనుభవంతో ఎదిగిన ఔషధరంగం బొల్లారం పరిసరాల్లో స్థిరపడింది.

బి.హెచ్.ఇ.ఎల్. వంటి భారీ కర్మాగారాల లోపల బరువు మొదటినుంచీ క్రేన్ల పనే. టర్బైన్‌ను మనిషి మోయలేడు కనుక అక్కడ యంత్రం తప్పనిసరి. మనిషి మోయగలిగిన బరువే అతడికి శాపమైంది. చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు ముడిసరుకు పీపాల్లో, సంచుల్లో, డబ్బాల్లో వచ్చేది. బొంబాయి రహదారి, అంటే అప్పటి 9వ నంబరు, నేటి 65వ నంబరు జాతీయ రహదారి, దానికి ప్రధాన మార్గమైంది. లారీ అడుగు పలక నేల నుంచి దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. వాలుగా వేసిన చెక్క, నెత్తిన మడిచిన గోనె, చేతిలో ఇనుప కొక్కెం, వీటితోనే ఆ ఎత్తును దాటారు.

ఈ శ్రమ పరిమాణాన్ని ఒక లెక్కతో ఊహించవచ్చు. పది టన్నుల సిమెంటు లారీలో 50 కిలోల బస్తాలు 200 ఉంటాయి. ఆరుగురి జట్టు దాన్ని దించితే ఒక్కొక్కరు 33 బస్తాలకు పైగా, అంటే 1,650 కిలోలకు మించి మోయాలి. అది ఒక్క లారీ లెక్క.

5. చట్టం దృష్టిలో ముఠా

ఈ శ్రమను చట్టం రెండు మార్గాల్లో పట్టించుకుంది. మొదటిది బరువుకు సంబంధించినది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 34వ సెక్షన్ గాయం కలిగించేంత బరువును ఎత్తించడాన్ని నిషేధించింది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గరిష్ఠ బరువుపై 127వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. దానితోపాటు వెలువడిన 128వ నంబరు సిఫారసు వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలకు మించి ఉంటే దాన్ని ఆ స్థాయికి తగ్గించాలని సూచించింది.

రెండవది ఉపాధికి సంబంధించినది. బొంబాయిలో అన్నాసాహెబ్ పాటిల్ నాయకత్వంలో సాగిన మాథాడీ కార్మికుల ఉద్యమ నేపథ్యంలో మహారాష్ట్ర 1969లో ప్రత్యేక చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1976లో ముఠా, జట్టు, హమాలీ తదితర శ్రామికుల ఉపాధి క్రమబద్ధీకరణ, సంక్షేమ చట్టం వచ్చింది. ముఠా, జట్టు అనే తెలుగునాట వాడుక మాటలు శాసనం పేరులోనే చేరడం భాషాచరిత్ర దృష్ట్యా కూడా గమనార్హం.

అయితే హమాలీకి యజమాని ఎవరన్న ప్రశ్న తెగలేదు. సరుకు పంపినవాడా, లారీ యజమానా, దించుకున్నవాడా? 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తించేలా రూపొందింది. అంతకన్న చిన్న గిడ్డంగి ముందు ఆరుగురి జట్టు రెండు గంటల్లో లారీ ఖాళీ చేసి వెళ్లిపోతే ఆ పరిధిలో పట్టుబడదు. హమాలీ సంక్షేమ బోర్డు కావాలన్న డిమాండును కార్మిక సంఘాలు నేటికీ వినిపిస్తుండటమే ఈ లోటుకు నిదర్శనం.

6. బండిలోకి వచ్చిన పట్టాలు

ఈలోగా ప్రపంచ రవాణాలో రెండు మార్పులు వచ్చాయి. 1956 ఏప్రిల్‌లో మాల్కమ్ మెక్లీన్ ‘ఐడియల్ ఎక్స్’ ఓడపై 58 కంటెయినర్లను నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపడంతో సరుకును విడివిడిగా కాక పెట్టెతో సహా ఎత్తే పద్ధతి బలపడింది. దాదాపు అదే కాలంలో అమెరికా వైమానిక దళం 463ఎల్ పేరుతో రవాణా విమానాల్లో పట్టాలు, దొర్లుడు చక్రాలు, లోహపు ప్యాలెట్లు కలిసిన అమరికను రూపొందించింది. తర్వాత పౌర విమానయానంలోనూ ఈ సూత్రమే స్థిరపడింది. విమానం నుంచి అదే అమరిక విమానాశ్రయానికి సరుకు చేర్చే లారీల్లోకి దిగింది.

లారీలో వాడే పట్టాల అమరిక స్థూలంగా ఇలా ఉంటుంది. అడుగు పలక పొడవునా రెండు లేదా నాలుగు లోహపు గాడులు ఉంటాయి. ఒక రకంలో వాటిలో చిన్న చక్రాల వరుసలు గల సన్నని బండ్లను దూరుస్తారు. మీట నొక్కితే చక్రాలు కొద్దిగా పైకి లేచి ప్యాలెట్‌ను పలక నుంచి విడదీస్తాయి. మరో రకంలో గాడి అడుగున ఉన్న గొట్టంలోకి గాలి నింపితే చక్రాల వరుస మొత్తం లేస్తుంది. బరువు చక్రాలపై నిలిచిన తర్వాత దాన్ని నెట్టడానికి పట్టే బలం ఎత్తడానికి పట్టే బలంలో చిన్న భాగమే. టన్ను బరువును ఇద్దరు లోపలికి నెట్టగలరు. మీట వదిలితే చక్రాలు దిగి, సరుకు తన బరువుతో తానే నిలుస్తుంది. ఇందులో ప్రమాదం లేకపోలేదు. నేల ఏటవాలుగా ఉంటే సరుకు అదుపుతప్పి దొర్లుతుంది. నడుము నొప్పి స్థానంలో పాదం నలిగే ముప్పు వస్తుంది.

హైదరాబాదు ప్రాంతంలో ఇటువంటి సాధనాలకు ప్రధాన సందర్భాన్ని కల్పించింది 2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయం. అక్కడి సరుకు విభాగంలో ఔషధాలకు ప్రత్యేక ఏర్పాటు ఉంది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి పటాన్‌చెరును ఆ విమానాశ్రయంతో కలిపింది. కొన్ని మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, మరికొన్నింటిని 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి. అటువంటి సరుకు ఎండలో గడిపే ప్రతి నిమిషం నష్టమే. అందువల్ల దాన్ని త్వరగా, కుదుపు లేకుండా, చేయి తగలకుండా ఎక్కించే సాధనానికి ఆర్థిక సమర్థన దొరికింది.

7. అమీన్‌పూర్: రెండు దిగుమతులు

ఔషధాల ఎగుమతి మార్గానికి పక్కనే ఉన్న అమీన్‌పూర్ మరొక చిత్రాన్ని చూపుతుంది. చెరువు, పొలాల గ్రామంగా ఉన్న ఈ ఊరు 2018లో పురపాలక సంఘమైంది. అక్కడి చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు లభించింది. ఒకవైపు పారిశ్రామికవాడ, మరోవైపు చందానగర్, మియాపూర్ ఉండటంతో ఇళ్ల నిర్మాణం ముమ్మరమైంది.

నిర్మాణస్థలంలో పైన చెప్పిన విభజన స్పష్టంగా కనిపిస్తుంది. ఇసుక, కంకర టిప్పర్‌లో వచ్చి ఒక్క మీటతో కిందికి జారుతాయి. సిమెంటు బస్తా, టైల్స్ డబ్బా, గ్రానైట్ పలక మాత్రం మనిషి భుజం మీద మెట్లెక్కుతాయి. ఇక్కడికి వచ్చే లారీలో పట్టాలు బిగించినా ప్రయోజనం స్వల్పమే. పట్టాలు పనిచేయాలంటే రెండు కొసల్లోనూ వాటికి తగిన అమరిక ఉండాలి. పంపే చోట ప్యాలెట్, దించుకునే చోట లారీ ఎత్తుకు సరిపోయే అరుగు లేదా ఫోర్క్‌లిఫ్ట్ అవసరం. మట్టి ప్లాటు ముందు ఆ పట్టాలు లారీ తోకతోనే ఆగిపోతాయి. అక్కడినుంచి జట్టు మొదలవుతుంది.

సాంకేతిక కారణం ఇదొక్కటే కాదు. లారీలో పట్టాలకయ్యే ఖర్చు వాహన యజమానిది, దాని ఫలం హమాలీ శరీరానిది. హమాలీ నడుము నొప్పి ఏ లెక్కల పుస్తకంలోనూ ఖర్చుగా చేరదు కనుక ఆ పెట్టుబడికి ప్రేరణ ఉండదు. మరోవైపు బస్తా లెక్కన కూలి తీసుకునే జట్టుకు బస్తాల స్థానంలో ప్యాలెట్ రావడం అంటే కూలి కొలతే మాయం కావడం. కాబట్టి బరువు తగ్గాలన్న కోరిక, బరువు పోకూడదన్న భయం ఒకే జట్టులో కలిసి ఉంటాయి. సింగరేణి ఫిల్లర్ల అనుభవం తెలిసినవారికి ఈ భయం అర్థరహితంగా తోచదు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు తేలుతున్నాయి. మొదటిది, ఈ ప్రాంతంలో 1874 నాటి రైలుమార్గం నుంచి నేటి దాకా యంత్రం ముందుగా దూరాన్ని జయించింది, ఎత్తును చివరికి వదిలింది. రెండవది, ఎత్తి దించే పనిలో పట్టాలు ప్రవేశించడానికి సరుకు సున్నితత్వం, వాహన సమయపు విలువ కారణాలయ్యాయి గాని కార్మికుడి ఆరోగ్యం కాలేదు. మందుపెట్టె ఉష్ణోగ్రతకు దొరికిన శ్రద్ధ దాని పక్క వీధిలో సిమెంటు మోసే మనిషికి దొరకలేదు. మూడవది, 1976 చట్టం ముఠాను, జట్టును పేరుపెట్టి గుర్తించినా, కూలికి బస్తానే కొలతగా మిగలడం వల్ల ప్రతి కొత్త సాధనం కార్మికుడికి ప్రత్యర్థిగా కనిపించింది.

కూలికి కొలత బస్తా నుంచి పనిగంటకు మారి, యంత్రం నడిపే నైపుణ్యం జట్టు చేతికే అందినప్పుడు ఈ వైరుధ్యం కొంత తొలగవచ్చు. రవాణా చరిత్ర రాసేవారు ఇకపై కిలోమీటర్లతోపాటు ఆ నాలుగడుగుల ఎత్తునూ లెక్కలోకి తీసుకుంటే, గూడ్స్ షెడ్ల లెక్కపుస్తకాల్లో, కార్మికశాఖ దస్త్రాల్లో, హమాలీ జట్ల జ్ఞాపకాల్లో విస్తారమైన పరిశోధన సామగ్రి వారికి లభిస్తుంది.