చివరి దశ డిమెన్షియా, ఇంటి సంరక్షణ: రాయికోడ్ మండల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

డిమెన్షియా ముదిరిన మనిషికి మందులకన్నా చేతిసాయం ఎక్కువ అవసరం. ఆ సాయం చేసే ఇంటివాళ్లకు పని నేర్పే ఏర్పాటు గ్రామాల్లో బలహీనంగా ఉంది. సంగారెడ్డి జిల్లా రాయికోడ్ వంటి మండలంలో ఆ లోటును ఎలా పూడ్చవచ్చో ఈ వ్యాసం ప్రచురిత అధ్యయనాల ఆధారంగా చర్చిస్తుంది.

కీలక పదాలు: చివరి దశ డిమెన్షియా, కుటుంబ సంరక్షకులు, ఉపశమన సేవ, రాయికోడ్

1. నేపథ్యం

దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని లాసీ-డాడ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఈ జబ్బు పురుషులకన్నా స్త్రీలలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువగా కనిపించింది. పత్తి, కంది, చెరకు పండే రాయికోడ్ నుంచి హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్దాసుపత్రికి వెళ్లాలంటే సుమారు నూరు కిలోమీటర్ల ప్రయాణం. తొలి దశలో ఒకటి రెండుసార్లు తీసుకెళ్లగలరు. మంచం పట్టాక ప్రయాణమే ఒక యాతన. అప్పటినుంచి ఆలనాపాలనా ఎక్కువగా భార్య, కోడలు, కూతుళ్ల మీద పడుతుంది. పత్తి ఏరడానికి పోయే మనిషి ఇంటికి కట్టుబడిపోతే ఆ కూలి కూడా పోతుంది.

2. చివరి దశ స్వరూపం

ఈ దశలో మాటలు వేళ్లమీద లెక్కపెట్టేంతకు తగ్గిపోతాయి. నడక, కూర్చోవడం, మలమూత్రాల మీద అదుపు క్రమంగా పోతాయి. అమెరికాలోని నర్సింగ్ హోముల్లో 323 మంది రోగులను 18 నెలల పాటు గమనించిన మిచెల్ బృందం (2009) వారిలో 85.8 శాతం మందికి తిండి సమస్యలు, 41.1 శాతం మందికి న్యుమోనియా వచ్చినట్టు నమోదు చేసింది. ఆ వ్యవధిలో 54.8 శాతం మంది చనిపోయారు. శిక్షణ పొందిన నర్సులున్న చోటి లెక్క ఇది. రాయికోడ్‌లో ఆ నర్సు పనంతా ఇంటి ఆడవాళ్లదే. అయితే చివరి దశ డిమెన్షియా ప్రాణాంతక వ్యాధేనన్న ఆ అధ్యయన నిర్ధారణ ఇక్కడికీ వర్తిస్తుంది. కుటుంబానికి ఈ సంగతి ముందే విడమరిచి చెప్పడం సంరక్షణలో మొదటి మెట్టు.

3. తిండి, నింద

జొన్నరొట్టె నమలలేని స్థితి వచ్చాక గటక, మెత్తగా కలిపిన పప్పన్నం ఆధారమవుతాయి. పలచని నీళ్లు తొందరగా పొలమారతాయి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో పెడుతూ, ఒక ముద్ద మింగాకే రెండోది పెట్టాలి. తిన్న తర్వాత అరగంటైనా పడుకోబెట్టకూడదు. ముక్కులోంచి గొట్టం వేసినా ఆయుష్షు పెరగదు, న్యుమోనియా ఆగదు. అందుకే అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ 2014లో గొట్టం బదులు చేత్తో తినిపించడమే మేలని సూచించింది. కానీ పదిమంది పలకరించడానికి వచ్చే ఊళ్లో, పెద్దమనిషి తిండి మానేస్తే మాట పడేది కోడలే. ఆకలి మందగించడం జబ్బు లక్షణమేనని వైద్యసిబ్బంది బంధువులందరి ముందూ చెప్పడం ఆమెకు పెద్ద అండ.

4. చెప్పుకోలేని నొప్పి

స్నానం చేయిస్తుంటే చెయ్యి విసరడం, రాత్రంతా అరవడం చూసి ఇంటివాళ్లు మొండితనం అనుకుంటారు. తరచూ దాని వెనుక మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, పంటినొప్పి, నడుము కింది పడకపుండు ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తీరు మారిపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి. కారణం వెతకకుండా మత్తు కలిగించే మందులు వాడటం ప్రమాదకరం. కొన్ని మానసిక వ్యాధుల మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది.

5. గోవా అనుభవం, దాని పరిధి

గోవాలో అమిత్ డయాస్ బృందం 81 కుటుంబాలతో చేసిన ప్రయోగం (2008) ఈ చర్చకు కీలకం. శిక్షణ పొందిన ఇద్దరు గృహ సలహాదారులు ఇళ్లకు వెళ్లి సంరక్షకులకు తోడ్పడ్డారు. ఒక కౌన్సెలర్, పాక్షిక సమయం పనిచేసే ఒక మానసిక వైద్యుడు వారిని పర్యవేక్షించారు. సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. అయితే ఆ ప్రయోగంలో ఉన్నవి తొలి, మధ్యస్థ దశల కేసులే. కాబట్టి చివరి దశకు ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేం. ఇంటికి వెళ్లి నేర్పే పద్ధతిని మాత్రం తీసుకోవచ్చు. నేర్పే పాఠాలను మార్చుకోవాలి.

6. ప్రతిపాదన

ఆశ కార్యకర్తలు బీపీ, షుగర్ పరీక్షల కోసం ఇప్పటికే ఇంటింటికీ వెళుతున్నారు. మంచాన పడిన డిమెన్షియా రోగుల జాబితాను అదే పర్యటనలో తయారు చేయవచ్చు. తినిపించడం, రెండు గంటలకోసారి పక్క మార్చడం, నొప్పి గుర్తించడం అనే మూడు పనులను ఏఎన్ఎం మంచం పక్కనే చేసి చూపాలి. క్యాన్సర్ రోగుల కోసం ఎదిగిన ఉపశమన సేవల బృందాలు ఈ ఇళ్లకూ రావాలి. ఇక ఆర్థికం. 2023లో 4,016 రూపాయలకు పెరిగిన దివ్యాంగుల ఆసరా పింఛను సైతం రోగి పేరు మీద వచ్చేదే; సంరక్షకురాలు కోల్పోయే కూలిని భర్తీ చేసే లెక్క అందులో లేదు. వారంలో కనీసం ఒక పూట ఆమె స్థానంలో మరొకరు కూర్చునే ఏర్పాటు అందుకు తొలి పరిహారం కాగలదు. శిక్షణ ఎంత ఇచ్చినా, ఒంటరిగా అలసిపోయిన మనిషి దాన్ని ఎక్కువ కాలం అమలు చేయలేదు. కనుక మండల స్థాయిలో శిక్షణ, సంరక్షకురాలికి విరామం రెండూ కలిపే మొదలు కావాలి.